అస్థి సంపద

దానగుణం కలవారిని ‘చేతికి ఎముక లేనివారు’ అని మెచ్చుకోవడం తెలుగువారి పరిపాటి. చలి తీవ్రతను తెలుపవలసి వచ్చినప్పుడు ‘ఎముకలు కొరికే చలి’ అంటాం. చిక్కి శల్యమైన మనిషిని చూసి ‘ఎముకల గూడు’ అని జాలిపడతాం. పలుకుబడులలో ఎముకకు ఇంతటి స్థానమిచ్చిన మనం దాని ఆరోగ్యాన్ని గూర్చి ఆలోచించేది మాత్రం అరుదు. పెరటిలో తడిబండపై కాలుజారిన నాయనమ్మ తుంటి ఎముక విరిగి మంచం పట్టినప్పుడు ‘వయసు మీద పడింది కదా!’ అని సరిపెట్టుకుంటాం. అదే బండపై జారిన మనుమరాలు దులుపుకొని లేచి నడుస్తుంది. ఈ తేడాకు వయస్సు ఒక కారణం. అయితే వృద్ధాప్యంలో ఎముక ఎంత దృఢంగా ఉంటుందన్నది, యౌవనంలో అది ఎంత బలాన్ని కూడబెట్టుకొన్నదన్న విషయంపై కూడా ఆధారపడి ఉంటుంది. నాయనమ్మ తుంటి విరగడానికి బీజం, ఆమె పదహారేళ్ళ బాలికగా ఉన్ననాడే పడి ఉండవచ్చు. అందుచేత ఎముకల ఆరోగ్యాన్ని గూర్చి తెలుసుకోవలసినవారిలో జూనియర్ కళాశాల విద్యార్థినులు మొదటివారు.

జీవమున్న కట్టడం

ఎముక అనగానే రాయివంటి జడపదార్థమని చాలామంది భావిస్తారు. అది సరికాదు. ఎముకలో ప్రధానంగా రెండు పదార్థాలున్నాయి. కొల్లాజెన్ అనే మాంసకృత్తి పోగులు దానికి సాగే గుణాన్నిస్తాయి. ఆ పోగుల నడుమ పేరుకొన్న కాల్షియం ఫాస్ఫేటు స్ఫటికాలు దానికి గట్టిదనాన్నిస్తాయి. దీనిని చిన్న ప్రయోగంతో గ్రహించవచ్చు. శుభ్రపరచిన కోడికాలి ఎముకను కొన్ని రోజులపాటు వెనిగర్‌లో నానబెడితే, అందులోని ఆమ్లం కాల్షియాన్ని కరిగించివేస్తుంది. అప్పుడు ఆ ఎముక రబ్బరువలె వంగుతుంది. ఎముకను నిప్పులో కాల్చినప్పుడు కొల్లాజెన్ నశించి, మిగిలిన భాగం వేలితో నొక్కితే పొడి అవుతుంది. ఈ రెండింటి కలయిక వల్లనే ఎముకకు బరువును మోసే శక్తి, దెబ్బను తట్టుకొనే శక్తి కలుగుతున్నాయి.

ఎముకలో నిరంతరం మరమ్మతు జరుగుతూనే ఉంటుంది. పాతబడిన భాగాన్ని తొలగించే కణాలు కొన్ని, ఆ చోట కొత్త ఎముకను నిర్మించే కణాలు కొన్ని దానిలో ఉన్నాయి. పెంకుటింటికి పగిలిన పెంకులు తీసి కొత్తవి వేసినట్లు, ఈ కణాలు పెద్దవారి అస్థిపంజరంలో ఏటా సుమారు పదోవంతును కొత్తగా నిర్మిస్తాయి. తీసివేత కంటె కూర్పు ఎక్కువైతే ఎముక చిక్కబడుతుంది. కూర్పు కంటె తీసివేత ఎక్కువైతే లోపల ఖాళీలు ఏర్పడి ఎముక గుల్లబారుతుంది.

రక్తం తీసుకొనే అప్పు

పెద్దవారి శరీరంలో సుమారు 1 కిలోగ్రాము కాల్షియం ఉంటుంది. దానిలో 99 శాతం ఎముకలలోను, దంతాలలోను నిలువ ఉంటుంది. మిగిలిన 1 శాతం రక్తంలోను, కణజాలంలోను సంచరిస్తుంది. ఇది పరిమాణంలో స్వల్పమైనా, చేసే పని గొప్పది. గుండె కొట్టుకోవడానికి, కండరాలు ముడుచుకోవడానికి, నాడులు సందేశాలు పంపడానికి, గాయమైనచోట రక్తం గడ్డకట్టడానికి ఈ కాల్షియం అత్యవసరం. కనుక రక్తంలో దాని మోతాదు తగ్గకుండా ప్రకృతి ఒక కాపలాను ఏర్పాటు చేసింది.

మెడలో థైరాయిడ్ గ్రంథికి వెనుకవైపున కందిగింజలంత ప్రమాణంలో సాధారణంగా నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులు ఉంటాయి. రక్తంలో కాల్షియం కొంచెం తగ్గిన వెంటనే ఇవి ఒక హార్మోనును విడుదల చేస్తాయి. ఆ హార్మోను ఎముకల నిధి నుండి కాల్షియాన్ని తీయించి రక్తంలో చేరుస్తుంది. తినే తిండిలో కాల్షియం చాలని మనిషి గుండె ఆగకుండా కొట్టుకొంటున్నదంటే, ఆ ఖర్చును ఎముక భరిస్తున్నదని అర్థం. ఒక పూట అప్పు మరునాడు తీరితే నష్టం లేదు. ఏళ్ళ తరబడి అప్పు పెరుగుతూ పోతే నిధి తరిగిపోతుంది. ఆశ్చర్యమేమిటంటే ఇంత జరుగుతున్నా రక్తపరీక్షలో కాల్షియం మోతాదు సరిగానే కనిపించవచ్చు. నొప్పి ఉండదు, నీరసం తెలియదు. అందుకే ఎముకలు గుల్లబారే వ్యాధిని వైద్యులు ‘నిశ్శబ్ద వ్యాధి’ అంటారు. ఎముక విరిగేదాకా అది తన ఉనికిని చాటుకోదు.

దీపం ఉండగానే

అస్థి సంపద జీవితాంతం పెరిగేది కాదు. బాలికలలో గరిష్ఠ అస్థిరాశిలో దాదాపు 90 శాతం 18 ఏళ్ళ వయస్సు నాటికే సమకూరుతుంది. మిగిలిన కొద్దిభాగం ఇరవైలలో పూర్తవుతుంది. 30 ఏళ్ళ తరువాత చేయగలిగింది ఉన్నదానిని కాపాడుకోవడమే. స్త్రీలలో ఋతువిరతి సంభవించినప్పుడు ఈస్ట్రోజన్ అనే హార్మోను తగ్గిపోతుంది. ఆ హార్మోను అంతవరకు ఎముకలకు రక్షగా నిలిచింది. రక్ష తొలగడంతో మొదటి కొన్ని సంవత్సరాలలో ఎముక వేగంగా క్షీణిస్తుంది. అప్పటికి నిధి నిండుగా ఉన్న స్త్రీకి ఆ నష్టాన్ని తట్టుకొనే శక్తి ఎక్కువ. అరకొర నిధితో ఆ దశకు చేరిన స్త్రీకి చిన్న జారుపాటు కూడ ప్రమాదకరమే. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న పెద్దల మాట ఎముకల విషయంలో అక్షరాలా వర్తిస్తుంది.

మన సమాజంలో ఈ దీపం వెలుగును సగమే వాడుకొంటున్న బాలికలు ఎందరో ఉన్నారు. పాడి ఉన్న ఇంట్లో కూడ పాలు కేంద్రానికి పోయి, మిగిలిన గ్లాసెడు కొడుకు ముందుకు చేరడం, అందరూ తిన్న తరువాత ఆడపిల్ల అడుగు మజ్జిగతో అన్నం ముగించడం కొత్త విషయాలు కావు. మరోవైపు లావవుతామన్న భయంతో ఉదయపు అల్పాహారాన్ని మానివేసే బాలికలు పట్టణాలలో కనిపిస్తారు. శరీరానికి చాలినంత ఆహారం అందనప్పుడు ఋతుక్రమం తప్పుతుంది. ఋతుక్రమం తప్పడమంటే ఈస్ట్రోజన్ తగ్గడమే కావచ్చు. అంటే వృద్ధాప్యంలో జరగవలసిన క్షయం యౌవనంలోనే ఆరంభమవుతుందన్నమాట. వరుసగా మూడు నెలలు నెలసరి రాకపోతే సిగ్గుపడక ఇంటిలోని పెద్దలకు చెప్పి వైద్యురాలిని సంప్రదించాలి.

గర్భిణి కడుపులోని శిశువు తన అస్థిపంజరం కోసం తల్లి నుండి సుమారు 30 గ్రాముల కాల్షియాన్ని గ్రహిస్తుంది. తన ఎముకల నిర్మాణమే పూర్తికాని బాలిక తల్లి అయినప్పుడు ఒకే నిధిపై ఇద్దరి భారం పడుతుంది. 18 ఏళ్ళు నిండని బాలికకు వివాహం జరిపించడం చట్టరీత్యా నేరం. అది తగదని చెప్పడానికి శరీరశాస్త్రం కూడ ఇటువంటి కారణాలను చూపుతున్నది.

మన వంటింటి కాల్షియం

భారత వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ కలిసి మనదేశ ప్రజలకు ఏయే పోషకాలు ఎంతెంత కావాలో నిర్ణయిస్తాయి. ఈ జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో చిన్న పరిశోధన విభాగంగా పుట్టి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. నేటికీ తార్నాకలో పనిచేస్తున్నది. 2010 నాటి సిఫారసులలో పెద్దవారికి రోజుకు 600 మిల్లీగ్రాముల కాల్షియం చాలునని పేర్కొన్నారు. 2020 నాటి సిఫారసులలో దానిని 1000 మిల్లీగ్రాములకు పెంచారు. 16 నుండి 18 ఏళ్ళ వయస్సువారికి 1050, పాలిచ్చే తల్లులకు 1200 మిల్లీగ్రాములు కావాలని నిర్ణయించారు.

ఈ మోతాదు అన్నం వల్ల సమకూరదు. 100 గ్రాముల తెల్లబియ్యంలో కాల్షియం సుమారు 10 మిల్లీగ్రాములు మాత్రమే. అదే బరువు రాగులలో 300 మిల్లీగ్రాములకు మించి ఉంటుంది. చోళ్ళని, తైదలని వేర్వేరు ప్రాంతాలలో పిలిచే ఈ ధాన్యాన్ని సంకటిగా, అంబలిగా, రొట్టెగా మన పూర్వులు నిత్యం భుజించేవారు. తెల్లబియ్యం గౌరవచిహ్నంగా మారిన తరువాత చాలా ఇళ్ళలో రాగులు వెనుకబడ్డాయి. మునగాకు, కరివేపాకు, అవిసె ఆకు, పొన్నగంటికూర, ఉలవలు, ముల్లుతోసహా తినదగిన నెత్తళ్ళవంటి చిన్నచేపలు కూడ మంచి కాల్షియం వనరులే. నువ్వులలో 100 గ్రాములకు 1000 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. పెద్దమనిషి అయిన ఆడపిల్లకు నువ్వులు, బెల్లం కలిపి దంచిన చిమ్మిలి పెట్టే ఆచారం తెలుగునాట అనేక కుటుంబాలలో ఉంది. ఎముకలు శరవేగంతో పెరిగే వయస్సులో నువ్వులు పెట్టడం ఎంతో యుక్తమైన ఆచారం. దానిని ఆ కొద్దిరోజుల వేడుకకే పరిమితం చేయనక్కరలేదు.

ఒక విద్యార్థిని ఒకరోజు ఆహారాన్ని లెక్కవేసి చూద్దాం. 200 మిల్లీలీటర్ల పాలలో సుమారు 240, కప్పు పెరుగులో సుమారు 200, 50 గ్రాముల రాగిపిండితో కాచిన అంబలిలో సుమారు 170, పప్పులో వేసిన 50 గ్రాముల మునగాకులో సుమారు 150, 15 గ్రాముల నువ్వులతో చేసిన ఉండలో సుమారు 190 మిల్లీగ్రాములు లభిస్తాయి. మొత్తం 950. పప్పు, కూరగాయలు మిగిలిన లోటును పూడ్చగలవు. వీటిలో ఖరీదైన పదార్థమేదీ లేదు. పాలు అరగనివారికి పెరుగు, మజ్జిగ చాలావరకు సరిపడతాయి.

అయితే తిన్న కాల్షియమంతా ఒంటబట్టదు. పాలలోని కాల్షియంలో ఇంచుమించు మూడోవంతు రక్తంలో చేరుతుంది. పాలకూరలో కాల్షియం దండిగా ఉన్నా, అందులోని ఆక్సలేట్లు దానిని పట్టి ఉంచడం వల్ల చాలా కొద్దిగా మాత్రమే దక్కుతుంది. ధాన్యాలలోని ఫైటేట్లు కూడ ఇలాగే అడ్డుపడతాయి. నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం ద్వారా ఫైటేట్లు తగ్గుతాయి. రాగులను మొలకకట్టి పిండి పట్టించడం, అంబలిని పులియనివ్వడం మన ఇళ్ళలో ఉన్న పద్ధతులే. ఉప్పు అధికంగా తింటే మూత్రం ద్వారా కాల్షియం ఎక్కువగా పోతుందన్న విషయాన్ని కూడ ఊరగాయప్రియులు గుర్తుంచుకోవాలి.

ఎండ, శ్రమ

పేగులు కాల్షియాన్ని చక్కగా గ్రహించాలంటే విటమిన్-డి కావాలి. దీనిని చర్మం ఎండ సాయంతో తయారుచేసుకొంటుంది. ఎండకు కొరతలేని మన ప్రాంతంలో ఈ విటమిన్‌కు లోటేమిటన్న సందేహం సహజం. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్యవిజ్ఞాన సంస్థ పరిశోధకులు 2007లో ప్రకటించిన అధ్యయనం ఈ సందేహానికి సమాధానమిచ్చింది. ఆ ప్రాంతపు పల్లెలలోను, పట్టణంలోను ఆరోగ్యంగా ఉన్నవారిని పరీక్షించగా, ఆహారంలో కాల్షియం తక్కువ, ఫైటేట్లు ఎక్కువ, విటమిన్-డి లోపం విస్తారమని తేలింది. పొలంపనులలో ఎండకు తిరిగే గ్రామీణుల స్థితి పట్టణవాసుల కంటె కొంత మేలుగా ఉంది.

ఉదయసంధ్యలో ఏటవాలుగా పడే లేయెండలో విటమిన్-డికి అవసరమైన కిరణాలు స్వల్పం. మన నీడ మన ఎత్తు కంటె పొట్టిగా ఉన్నవేళ చేతులకు, కాళ్ళకు కొద్దిసేపు ఎండ తగిలితే ప్రయోజనం ఉంటుంది. అద్దాల కిటికీ వెనుక కూర్చుంటే ఆ కిరణాలు చేరవు. తెల్లవారకముందే తరగతులకు కూర్చుని, చీకటిపడ్డాక వసతిగృహపు గదికి చేరే విద్యార్థినికి రోజుల తరబడి ఎండ సోకదు. మధ్యాహ్న విరామంలో ఆవరణలో నడవడం ఆమెకు చదువుతో సమానమైన అవసరం.

ఎముకకు మూడో ఆహారం శ్రమ. అంతరిక్షంలో బరువు తెలియని స్థితిలో ఉండే వ్యోమగాములు నెలకు ఒకశాతం నుండి ఒకటిన్నర శాతం వరకు కొన్ని ఎముకల సాంద్రతను కోల్పోతారు. టెన్నిస్ క్రీడాకారుల ఆటచేతి ఎముకలు రెండో చేతి ఎముకల కంటె దృఢంగా ఉంటాయి. మోపిన భారాన్నిబట్టి ఎముక తన్నుతాను తీర్చిదిద్దుకొంటుందనడానికి ఇవి నిదర్శనాలు. తాడాట, తొక్కుడుబిళ్ళ, కబడ్డీ, పరుగు, మెట్లెక్కడం వంటివన్నీ ఎముకలకు మేలుచేస్తాయి. పరీక్షల పేరుతో ఆటస్థలాన్ని మూసివేయడం ఎముకల నిధికి గండికొట్టడమే.

ఎముక మంచిని మాత్రమే కాక చెడును కూడ నిలువచేసుకొంటుంది. 1937లో నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో, తాగునీటిలోని ఫ్లోరైడు వల్ల ఎముకలు బిగుసుకుపోయిన రోగులను వైద్యులు గుర్తించారు. నల్లగొండ ప్రాంత ప్రజలు దశాబ్దాలపాటు ఈ బాధను అనుభవించారు. ఆహారంలో కాల్షియం లోపించినప్పుడు ఫ్లోరైడు చేసే హాని మరింత తీవ్రమవుతుంది.

మాత్రలు – మేలు, పరిమితి

‘ఇంత శ్రమ ఎందుకు? రోజుకొక కాల్షియం మాత్ర మింగితే చాలదా?’ అని కొందరు ప్రశ్నించవచ్చు. ఈ ప్రశ్నకు శాస్త్రం ఇచ్చే సమాధానం జాగ్రత్తతో కూడినది. 2006లో వెలువడిన ఒక సమీక్ష, ఆరోగ్యవంతులైన పిల్లలపై జరిగిన 19 ప్రయోగాలను పరిశీలించింది. మాత్రల వల్ల చేతి ఎముకలలో స్వల్పమైన మేలు తప్ప, తుంటిలోను వెన్నులోను చెప్పుకోదగిన ప్రభావం కనబడలేదు. 2022లో వెలువడిన మరో సమీక్ష 35 ఏళ్ళలోపువారిపై జరిగిన 43 ప్రయోగాలను పరిశీలించి, ఎముకల సాంద్రత కొంత పెరిగిందని, 20 నుండి 35 ఏళ్ళవారిలో ఆ మేలు ఎక్కువని తెలిపింది. అమెరికాలో ఋతువిరతి పొందిన 36 వేలమందికి పైగా స్త్రీలపై ఏడేళ్ళపాటు జరిగిన ప్రయోగ ఫలితాలు 2006లో ప్రకటితమయ్యాయి. తుంటి ఎముక సాంద్రత కొద్దిగా పెరిగినా, తుంటి విరుగుళ్ళు గణనీయంగా తగ్గలేదు. మూత్రపిండాలలో రాళ్ళు ఏర్పడటం 17 శాతం పెరిగింది. వీటన్నిటి సారాంశం ఒక్కటే. లోటు ఉన్నవారికి మాత్ర ఆ లోటును పూడ్చగలదు. చాలినంత తినేవారికి అదనపు మాత్ర వల్ల అదనపు బలం చేకూరదు.

పాలపదార్థాలు బొత్తిగా తీసుకోలేనివారికి, కొన్ని వ్యాధులున్నవారికి, గర్భిణులకు వైద్యులు మాత్రలు సూచిస్తారు. 2014లో కేంద్ర ఆరోగ్యశాఖ గర్భిణులకు 14వ వారం నుండి, ప్రసవానంతరం ఆరు నెలల వరకు రోజుకు రెండు కాల్షియం మాత్రలు ఇవ్వాలని మార్గదర్శకాలు జారీచేసింది. ఆహారంలో కాల్షియం తక్కువగా ఉండే గర్భిణులలో ఈ మాత్రలు రక్తపోటు వాత ప్రమాదాన్ని తగ్గిస్తాయి.

మాత్రలు వాడేవారు కొన్ని విషయాలు తెలుసుకోవాలి. 1250 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేటులో అసలు కాల్షియం 500 మిల్లీగ్రాములే ఉంటుంది. కాబట్టి పెట్టెపై వ్రాసిన అంకెను జాగ్రత్తగా చదవాలి. ఒకేసారి 500 మిల్లీగ్రాములకు మించి తీసుకొంటే శరీరం గ్రహించే పాలు తగ్గుతుంది. కార్బొనేటును భోజనంతోపాటు వేసుకోవాలి. సిట్రేటును ఎప్పుడైనా వేసుకోవచ్చు. రక్తహీనతకు ఇచ్చే ఇనుము మాత్రతో కలిపి కాల్షియాన్ని వేసుకొంటే ఇనుము సరిగా ఒంటబట్టదు. రెండింటి నడుమ కనీసం రెండు గంటల వ్యవధి ఉండాలి. థైరాయిడ్ మాత్రకు నాలుగు గంటల ఎడం కావాలి. ఆహారం, మాత్రలు కలిపి రోజుకు 2500 మిల్లీగ్రాములు దాటరాదు. వారానికొకటిగా ఇచ్చే 60,000 యూనిట్ల విటమిన్-డి పొట్లాలను వైద్యుల సలహా లేకుండా నెలల తరబడి వాడటం ప్రమాదకరం.

ముగింపు

ధనాన్ని పోగొట్టుకొన్నవారు మరల సంపాదించుకోవచ్చు. అస్థి సంపదను కూడబెట్టుకొనే కాలం మాత్రం మనిషి జీవితంలో ఒక్కసారే వస్తుంది. దానికి కావలసినవి గ్లాసెడు పాలు, గుప్పెడు ఆకుకూర, గిన్నెడు అంబలి, కాసింత ఎండ, కొంచెం ఆట. వీటిని కోరడం ఆడపిల్లకు గొంతెమ్మ కోరిక కాదు. ఇంటిలో వడ్డించేవారు కొడుకు కంచాన్ని, కూతురి కంచాన్ని ఒకే కంటితో చూసిననాడు ఈ సంపద సగం సమకూరినట్లే. మిగిలిన సగం విద్యార్థినుల చేతుల్లోనే ఉంది.

అర్థాలు

అస్థి = ఎముక
శల్యం = ఎముక
ఋతువిరతి = నెలసరి శాశ్వతంగా ఆగిపోవడం
సాంద్రత = చిక్కదనం
క్షయం = తరిగిపోవడం
యుక్తం = తగినది

ప్రశ్నలు

1. ‘ఎముక జీవమున్న కట్టడం’ అనడానికి గల కారణాలను వివరించండి.
2. యౌవనదశలో అస్థి సంపదను పెంపొందించుకోవలసిన ఆవశ్యకతను తెలపండి.
3. కాల్షియం మాత్రల వల్ల కలిగే ప్రయోజనాలను, వాటి పరిమితులను విశదీకరించండి.
4. నిన్న మీరు తిన్న ఆహారంలో కాల్షియం ఎంత ఉన్నదో లెక్కవేసి, లోటును పూడ్చే మార్గాన్ని సూచించండి.